సరస్సు నడుమ ఐదు శతాబ్దాల సొత్తు: బొరొమేయో దీవుల చరిత్ర

జలమధ్య సౌధాలు: 4వ భాగం

సరస్సు నడుమ దీవిలో కట్టుకున్న వేసవి విడిది పంట పండే పొలం కాదు, శిస్తు తెచ్చే ఊరు కాదు, శత్రువును నిలువరించే కోట కూడా కాదు. కొన్ని వారాల విశ్రాంతి కోసం ఏడాది పొడవునా ఖర్చు పెట్టించే ఇల్లు. అటువంటి ఆస్తి ఒకే వంశం చేతిలో నాలుగైదు శతాబ్దాలు నిలవడం అరుదు. మేవాడ్ మహారాణా రెండో జగత్ సింగ్ ఉదయపూర్ పిచోలా సరస్సులో 1743-1746 మధ్య కట్టించుకున్న జగ్ నివాస్, 1963లో ఆ వంశం వారి చేతుల మీదుగానే హోటల్‌గా మారిన వైనాన్ని గత భాగం వివరించింది. జగ్ నివాస్‌కు పునాది పడడానికి శతాబ్దం ముందే ఇటలీ ఉత్తరాన మజోరే సరస్సులో మొదలై, నేటికీ అదే కుటుంబం పేరు మీద ఉన్న దీవుల చరిత్ర ఈ భాగానికి విషయం. ఆ కుటుంబం మిలాన్ నగరానికి చెందిన బొరొమేయో వంశం. ఆ దీవుల్లో ప్రధానమైనవి ఇసోలా మాద్రే, ఇసోలా బెల్లా. ఇవి చేజారకపోవడానికి వాటి అందం కారణం కాదు. ప్రతి యుగంలోనూ యాజమాన్యానికి ఆనాటి చట్టం కోరిన రూపాన్ని తొడుగుతూ, దీవి తలుపులను బయటివారికి కొంచెం కొంచెంగా తెరుస్తూ వచ్చిన కుటుంబ నీతే అసలు కారణమని ఈ చరిత్ర చెబుతుంది.

సరస్సు, దీవులు

మజోరే సరస్సు ఆల్ప్స్ పర్వతాల దక్షిణ పాదాన, సముద్ర మట్టానికి సుమారు 193 మీటర్ల ఎత్తున ఉంది. హిమయుగంలో హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు ప్రవాహం, కోసిన లోయలో తిచీనో నది నిండి ఏర్పడిన ఈ సరస్సు విస్తీర్ణం సుమారు 212 చదరపు కిలోమీటర్లు, గరిష్ఠ లోతు సుమారు 370 మీటర్లు. పడమటి ఒడ్డు ఇటలీలోని పీడ్మాంట్ ప్రాంతానికి, తూర్పు ఒడ్డు లంబార్డీకి, ఉత్తరపు కొస స్విట్జర్లాండ్‌కు చెందుతాయి. ఇంత లోతైన నీరు వేసవి వేడిని దాచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది కాబట్టి, మంచు శిఖరాలు కనుచూపు మేరలో ఉన్నా దీవుల్లో నిమ్మ, నారింజ, కెమేలియా వంటి మొక్కలు బతుకుతాయి. తరువాతి కథకంతటికీ ఈ వాతావరణమే ఆధారం.

పడమటి ఒడ్డున స్త్రేజా పట్టణానికి ఎదురుగా ఉన్న అఖాతంలో మూడు దీవులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాటిలో ఇసోలా మాద్రే అన్నిటికన్నా పెద్దది, సుమారు ఎనిమిది హెక్టార్లు; ఇసోలా బెల్లా సుమారు 320 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు గల బండ; మూడోది జాలర్ల దీవి. ఈ మూడోది కుటుంబ విడిది కాదు, ఏడాది పొడవునా మనుషులు కాపురముండే పల్లె. పల్లాంజా ఒడ్డుకు చేరువలో ఉన్న చిన్న దీవి సాన్ జొవాన్నీ, ఉత్తరాన పాడుబడిన కోటలు గల కన్నేరో దీవులు కూడా బొరొమేయో ఆస్తిలోవే.

లెక్కల పుస్తకం నుంచి కౌంట్ పదవికి

బొరొమేయో వంశం పుట్టుకతో సరస్సు ప్రాంతానిది కాదు, తరతరాల యోధుల వంశమూ కాదు. టస్కనీలోని సాన్ మినియాతో అనే ఊరి నుంచి వచ్చి, 14వ శతాబ్దం చివరికి మిలాన్‌లో స్థిరపడి, బ్యాంకు వ్యాపారంతో పైకి వచ్చిన కుటుంబం ఇది. 15వ శతాబ్దంలో వీరి వ్యాపారానికి బ్రూజ్, లండన్ నగరాల్లో శాఖలు ఉండేవి. లండన్ శాఖకు చెందిన 1436-1439 నాటి ఖాతా పుస్తకం ఇప్పటికీ కుటుంబ పత్రాల భాండాగారంలో భద్రంగా ఉండి, మధ్యయుగపు వర్తక చరిత్రను అధ్యయనం చేసేవారికి ముఖ్యమైన ఆకరంగా ఉపయోగపడుతోంది. ఆ భాండాగారం ఉన్నది ఇసోలా బెల్లా మీదే. విలాసానికి కట్టిన ఇల్లే వంశం కాగితాలను దాచుకున్న చోటు కూడా కావడం ఈ కుటుంబ స్వభావాన్ని చెబుతుంది.

మేనమామకు దత్తుగా వెళ్లి ఆయన ఇంటి పేరును తీసుకున్న మొదటి విటాలియానో 1418లో మిలాన్ డ్యూక్ ఫిలిప్పో మరియా విస్కాంటి కోశాధికారి అయ్యాడు. డ్యూక్‌కు డబ్బు అవసరం, విటాలియానో దగ్గర డబ్బు ఉంది; ఇద్దరి మధ్య ఏర్పడిన ఈ సంబంధమే వంశానికి భూమిని తెచ్చింది. సరస్సు దక్షిణ కొసన ఉన్న అరోనా 1439లో దక్కగా, 1445లో విటాలియానో అరోనాకు కౌంట్ అయ్యాడు. కౌంట్ అంటే డ్యూక్‌కు లోబడి ఒక ప్రాంతంపై పన్ను, న్యాయ అధికారాలు చెలాయించే సామంతుడు. ఎదురు ఒడ్డున ఉన్న అంజేరా కోట 1449లో చేతికి రావడంతో, సరస్సు దిగువ భాగంలో రెండు ఒడ్డులూ ఒకే కుటుంబం కనుసన్నల్లోకి వచ్చాయి.

వంశ చిహ్నంగా నిలిచిన మూడు వలయాలు ఆ రోజుల రాజకీయానికి గుర్తు. ఆ మూడింటిలో ఏ రెండూ ఒకదానికొకటి నేరుగా తగులుకుని ఉండవు. మూడూ కలిసి ఉన్నప్పుడు మాత్రం విడదీయడం సాధ్యం కాదు. ఒకదాన్ని తెంచితే మిగిలిన రెండూ వాటంతట అవే విడిపోతాయి. విస్కాంటి, స్ఫోర్జా, బొరొమేయో వంశాల మైత్రిని ఇవి సూచిస్తాయని సంప్రదాయం. గణితంలో ముడుల స్వభావాన్ని పరిశీలించే శాఖ ఈ అమరికను నేటికీ బొరొమేయో వలయాలు అనే పేరుతోనే వ్యవహరిస్తుంది.

ఈ వంశానికి సంపదతో పాటు మతపరమైన ప్రతిష్ఠ కూడా తోడైంది. 1538లో అరోనా కోటలో పుట్టి మిలాన్ ఆర్చిబిషప్ అయిన కార్లో బొరొమేయోను కేథలిక్ చర్చి 1610లో సెయింట్‌గా ప్రకటించింది. ఆయన దాయాది, కార్డినల్ ఫెదెరీకో, 1609లో మిలాన్‌లో అంబ్రోజియన్ గ్రంథాలయాన్ని పాఠకులకు తెరిచాడు. నిరాడంబరతకు పేరుపడ్డ సెయింట్ పుట్టిన ఇంటి నుంచే, ఆయన మరణించిన అర్ధ శతాబ్దంలోపు, ఐరోపాలోకెల్లా ఆడంబరమైన వేసవి విడుదుల్లో ఒకదానికి పునాది పడింది.

బండ మీద నిలిపిన ఓడ

దీవుల్లో మొదట కుటుంబం చేతికి వచ్చింది ఇసోలా మాద్రే. 1501లో లాన్సిలోత్తో బొరొమేయో దాన్ని పొంది, ఇల్లు కట్టించి, పండ్ల తోటలు వేయించాడు. ఇసోలా బెల్లా అప్పటికి జాలర్ల గుడిసెలు, చర్చి, కూరగాయల మడులు మాత్రమే ఉన్న రాతి దిబ్బ. 1632లో మూడో కార్లో, తన భార్య ఇసబెల్లా ద’అద్దా పేరు మీదుగా ఆ దిబ్బపై ప్యాలెస్ కట్టడం ప్రారంభించాడు. ఆమె పేరే కాలక్రమంలో అరిగి బెల్లాగా స్థిరపడింది. 1630 నాటి ప్లేగు మిలాన్‌లో భారీగా ప్రాణాలు తీసి ఇంకా రెండేళ్లే అయింది. అంతటి విపత్తు తర్వాత కూడా కట్టడానికి పూనుకోగలిగిందంటే ఈ కుటుంబానికి నగరం మీదే కాక సరస్సు చుట్టూ ఉన్న భూముల మీద కూడా ఆదాయం ఉండడమే కారణం. ఉద్యానం తొలి నమూనాను వాస్తుశిల్పి ఆంజెలో క్రివెల్లి రూపొందించాడు.

కార్లో కొడుకులు కార్డినల్ మూడో జిబెర్తో, కౌంట్ ఆరో విటాలియానో (1620-1690) ఆ పనిని ఎన్నో రెట్లు పెంచారు. దీవి మొత్తాన్ని సరస్సులో లంగరు వేసిన ఓడగా చూపించడం విటాలియానో ఆలోచన: ఒక కొసన ప్యాలెస్, మరో కొసన మెట్టు మీద మెట్టుగా లేచే తోట. పండడానికి మట్టి చాలని బండ కావడంతో ఒడ్డు నుంచి పడవల మీద మట్టి తెచ్చి పోశారు. పది అంతస్తుల చదునైన వేదికలు, వాటి మీద రాతి శిల్పాలు, సూదిగా లేచే స్తంభాలు, అన్నిటికన్నా పైన వంశ చిహ్నమైన ఒంటికొమ్ము గుర్రం. చూపరులకు కనిపించే ఈ వైభవానికి అడుగున కనిపించని నీటి తొట్టి ఉంది. సరస్సు నీటిని యంత్రంతో పైకి తోడి ఆ తొట్టిలో నింపితే, అక్కడి నుంచి నీరు పల్లానికి పారి మొక్కలను తడిపేది. తోట మూల గోపురాల్లో ఒకటి ఈ నీటి యంత్రం కోసమే కట్టింది. 1671లో ఉద్యానాన్ని అతిథుల సమక్షంలో ప్రారంభించారు.

ప్యాలెస్‌లో సరస్సు మట్టానికి దగ్గరగా ఉన్న ఆరు గదులు, వేసవి విడిది అన్న మాటకు అసలు అర్థాన్ని చూపిస్తాయి. గుహల రూపంలో తీర్చిన ఈ గదుల గోడలు, కప్పులు, నేల అంతటా నల్లని, తెల్లని గులకరాళ్లు, గవ్వలు, బోలుగా ఉండే సున్నపు రాయి, అద్దం ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పొదిగి, అలల, చేపల, జలకన్యల రూపాలను రాబట్టారు. పై అంతస్తుల్లో ఎండ మండుతున్నప్పుడు కుటుంబం, అతిథులు ఇక్కడికి దిగి వచ్చేవారు. రాయి, నీడ, పక్కనే కదిలే నీరు కలిసి గదిని చల్లగా ఉంచేవి. ఈ పని ఒక తరంతో పూర్తి కాలేదు.

విటాలియానో కళాకారులను ఆదరించడంలో వారి నడవడికను పెద్దగా పట్టించుకోలేదు. భార్య హత్య కేసులో జెనోవాలో ఏళ్ల తరబడి జైలులో ఉండి విడుదలైన డచ్ చిత్రకారుడు పీటర్ మూలియర్, తుపాను దృశ్యాల వల్ల తెంపెస్తాగా పేరుపడ్డవాడు, ఈ దీవిలో ఆశ్రయం పొంది గీసిన చిత్రాలు నేటికీ ప్యాలెస్ గోడలపై ఉన్నాయి. అయితే దీవి అంతా ప్యాలెస్‌గా మారిపోలేదు. జాలర్ల ఇళ్లలో కొన్ని నిలిచి, ప్యాలెస్ గోడను ఆనుకుని చిన్న ఊరుగా ఇప్పటికీ కొనసాగుతున్నాయి.

అమ్మకూడని ఆస్తి

ఇంత ఖర్చుతో కట్టిన ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలు కాకుండా నిలవడానికి ఆ కాలపు మిలాన్ ప్రభు కుటుంబాలు ఫిదెయికొమ్మెస్సో అనే న్యాయ ఏర్పాటును ఆశ్రయించేవి. దీని ప్రకారం వారసుడు ఆస్తిని అనుభవించవచ్చు కానీ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, పంచకూడదు. తన తర్వాతి వారసుడికి చెక్కుచెదరకుండా అప్పగించాలి. తెలుగు పాఠకులకు తెలిసిన బొబ్బిలి, వెంకటగిరి, పిఠాపురం వంటి జమీందారీల కోసం మద్రాసు ప్రభుత్వం 1904లో చేసిన అవిభాజ్య ఎస్టేట్ల చట్టం ఇటువంటిదే. ఒక తేడా మాత్రం ఉంది: ఆ జమీందారీలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిశాయి, బొరొమేయో దీవులు మాత్రం అటువంటి రక్షణ పోయిన తర్వాత కూడా నిలిచాయి.

ఆ రక్షణ ఒక్కసారిగా పోలేదు. మొదటి కుదుపు 1743లో వచ్చింది. ఆ ఏటి వర్మ్స్ ఒప్పందంతో సరస్సు పడమటి ఒడ్డు సవోయ్ రాజవంశానికి, అంటే పీడ్మాంట్ పాలకులకు దక్కింది. మిలాన్ మాత్రం ఆస్ట్రియా కింద ఉండిపోయింది. కుటుంబం నగరంలోని ఇల్లు ఒక రాజ్యంలో, వేసవి ఇల్లు మరో రాజ్యంలో పడ్డాయి. ఆనాడు అసౌకర్యంగా కనిపించిన ఈ సరిహద్దే శతాబ్దం తర్వాత మేలు చేసింది.

రెండో కుదుపు ఫ్రెంచి సైన్యంతో వచ్చింది. 1796లో ఉత్తర ఇటలీలో అడుగుపెట్టిన నెపోలియన్, మరుసటి ఏడు భార్య జోసెఫీన్‌తో కలిసి ఇసోలా బెల్లాలో బస చేశాడు. ఆయన పడుకున్న గదికి నెపోలియన్ గది అనే పేరు నిలిచిపోయింది. అదే ఏడాది ఆ సైన్యం అండతో ఏర్పడిన గణతంత్రం సామంత హక్కులను, అమ్మకూడని ఆస్తుల ఏర్పాటును రద్దు చేసింది. ఏ సేనాని పాలన తమ ప్రభుత్వాధికారాన్ని తీసేసిందో ఆయనకే ఆతిథ్యం ఇచ్చిన ఆ కుటుంబానికి, సరస్సు ఒడ్డు మీద పన్నులు వేసే అధికారం పోయి, ఇల్లు, తోట మాత్రం సాధారణ సొంత ఆస్తిగా మిగిలాయి.

మూడోది 1848. ఆ మార్చిలో మిలాన్ ప్రజలు ఆస్ట్రియా సైన్యాన్ని ఐదు రోజుల పోరాటంతో నగరం నుంచి వెళ్లగొట్టినప్పుడు, ఎనిమిదో విటాలియానో బొరొమేయో (1792-1874) తాత్కాలిక ప్రభుత్వంలో ప్రముఖ పాత్ర వహించాడు. ఆస్ట్రియా తిరిగి వచ్చాక ఆయన పీడ్మాంట్‌కు తరలిపోగా, లంబార్డీలోని ఆయన ఆస్తులను జప్తు చేశారు. దీవులు మాత్రం 1743 నాటి సరిహద్దు పుణ్యమా అని ఆస్ట్రియాకు అందని చోట ఉన్నాయి. వృక్షశాస్త్రంలో ఆసక్తి గల ఈ విటాలియానో దూరదేశాల మొక్కలను తెప్పించి దీవుల్లో నాటించాడు; ఇసోలా మాద్రే నేటి రూపానికి ఈ కాలమే ముఖ్యం. ఏకమైన ఇటలీ 1865 సివిల్ కోడ్‌తో అమ్మకూడని ఆస్తుల ఏర్పాటును దేశమంతటా ముగించింది. 1948 రాజ్యాంగం కులీన బిరుదులకు గుర్తింపు తీసేసింది.

అతిథులు, ఆవిరి పడవలు, రైలు

సామంత ఆదాయం పోయిన తర్వాత దీవులను నిలబెట్టింది వచ్చిపోయేవారి ఆసక్తి. అమ్మే అవకాశం రాకపోలేదు. ఇంగ్లండ్ రాకుమారుడి భార్య కెరొలైన్ ఈ దీవులను చూసి ముచ్చటపడి కొనజూపిందని, కుటుంబం ఒప్పుకోలేదని స్థానికంగా చెబుతారు; ఆమె 1815లో కోమో సరస్సు ఒడ్డున విల్లా ద’ఎస్తేను కొనుక్కుంది. ఈ లోగా దారులు మెరుగయ్యాయి. నెపోలియన్ వేయించిన సింప్లాన్ రహదారి 1805లో ఆల్ప్స్‌ను దాటి సరస్సు ఒడ్డును తాకింది. 1826లో మొదటి ఆవిరి పడవ సరస్సులో తిరిగింది. 1863లో స్త్రేజాలో దీవుల పేరే పెట్టుకున్న పెద్ద హోటల్ తెరుచుకుంది. 1906లో సింప్లాన్ సొరంగంతో రైలు మార్గం ఏర్పడింది. ఒక కుటుంబం తన విశ్రాంతి కోసం కట్టుకున్న ఇంటి చుట్టూ ఒక పట్టణం బతుకుతెరువు పెరిగింది. 1918లో గాయపడిన సైనికుడిగా స్త్రేజాలో గడిపిన అమెరికన్ రచయిత హెమింగ్వే, 1929 నాటి ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ నవలలో తన నాయకానాయికలను ఈ సరస్సు మీదుగానే తెడ్ల పడవలో స్విట్జర్లాండ్‌కు పంపాడు. సాన్ జొవాన్నీ దీవిలోని ఇల్లు సంగీత నిర్దేశకుడు ఆర్తురో తొస్కనీనికి 1927 నుంచి దాదాపు పాతికేళ్లు విడిది అయింది. ఉపయోగం తగ్గిన ఇంటిని అమ్మడానికి బదులు వాడుకునేవారికి ఇవ్వడం కూడా ఆస్తిని నిలుపుకునే మార్గాల్లో ఒకటి.

దీవి చరిత్రలో ప్రపంచం దృష్టిని ఎక్కువగా ఆకర్షించిన అతిథులు 1935 ఏప్రిల్ 11 నుంచి 14 వరకు వచ్చినవారు. జర్మనీ మళ్లీ ఆయుధాలు పెంచుకుంటున్న వేళ, ఇటలీ నుంచి ముస్సోలినీ, బ్రిటన్ నుంచి మెక్‌డొనాల్డ్, సైమన్, ఫ్రాన్స్ నుంచి ఫ్లాండెన్, లవాల్ ఇసోలా బెల్లా ప్యాలెస్ సంగీత మందిరంలో సమావేశమై, ఆస్ట్రియా స్వాతంత్ర్యాన్ని కాపాడతామని, ఒప్పందాల ఏకపక్ష ఉల్లంఘనను ఎదిరిస్తామని ప్రకటించారు. చరిత్రకారులు స్త్రేజా కూటమి అని పిలిచే ఆ మైత్రి ఏడాదైనా నిలవలేదు: జూన్ 18న బ్రిటన్ జర్మనీతో నౌకాదళ ఒప్పందం చేసుకుంది, అక్టోబర్ 3న ఇటలీ ఇథియోపియాపై దండెత్తింది. మూడు రాజ్యాల ఆ కూటమిలోనూ ఒకటి తెగగానే మిగిలినవి విడిపోయాయి.

టికెట్టు, చెట్టు

17వ శతాబ్దంలో తలపెట్టిన ప్యాలెస్ మహా మందిరం మూడు వందల ఏళ్లపాటు అసంపూర్ణంగా ఉండి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాని పూర్తి కాలేదు. పాత నమూనాకు కట్టుబడి దాన్ని ముగించింది కూడా అదే వంశం. ఇసోలా మాద్రేను 1978లో సందర్శకులకు తెరిచారు. నేడు రెండు దీవులూ వసంతం నుంచి శరదృతువు దాకా టికెట్టు కొన్నవారికి తెరిచి ఉంటాయి. నిర్వహణ కుటుంబ సంస్థదే.

ఆ ఆదాయం ఎందుకు కావాలో 2006 జూన్‌లో ఇసోలా మాద్రేపై విరుచుకుపడ్డ సుడిగాలి చూపించింది. ప్యాలెస్ ముందు 19వ శతాబ్దంలో నాటిన కాశ్మీర్ సైప్రస్ చెట్టు వేళ్లతో సహా పెకలిపోయింది. పేరులో కాశ్మీర్ ఉన్నా, వేలాడే నీలి బూడిద రంగు కొమ్మలు గల ఈ వృక్షం సహజంగా పెరిగేది భూటాన్‌లో, మన అరుణాచల్ ప్రదేశ్‌లో. పడిన చెట్టును నరికి కొత్తది నాటడం తేలికైన పని; కుటుంబం మాత్రం యంత్రాలతో దాన్ని మళ్లీ నిలబెట్టించి, చుట్టూ ఉక్కు తాళ్లతో బిగించింది. చెట్టు బతికింది, ఆ తాళ్లు నేటికీ కనిపిస్తాయి.

రెండు దీవుల తేడా

అదే సరస్సు ఉత్తర కొసన, స్విట్జర్లాండ్ పరిధిలో ఉన్న బ్రిస్సాగో దీవులు ఈ కథకు ఎదురు ఉదాహరణ. 1885లో వాటిని కొని అరుదైన తోటలు పెంచిన బారనెస్ ఆంత్వానెత్ ద సాన్ లెజే అప్పుల పాలై 1927లో హాంబర్గ్ వర్తకుడు మాక్స్ ఎండెన్‌కు అమ్మింది. ఆయన మరణించాక 1949లో దీవులు ప్రభుత్వ, స్థానిక సంస్థల చేతికి వచ్చాయి. మట్టి, వాతావరణం, సంపద, సరదా రెండు చోట్లా ఉన్నాయి. బ్రిస్సాగోలో లేనిది యజమాని తర్వాత కూడా ఇంటిని మోయగల ఏర్పాటు. బొరొమేయోలు బ్యాంకు లాభాన్ని భూమిగా, భూమిని వంశపు కట్టుబాటుగా, ఆ కట్టుబాటు చెల్లని రోజున ఇంటిని టికెట్టు ఆదాయంగా మార్చుకున్నారు. అయితే ఆ సౌధాన్ని మోసినది వంశం ఒక్కటే కాదు: శతాబ్దాల పాటు శిస్తు కట్టిన రైతులు, పడవల్లో మట్టి మోసిన కూలీలు, ఈనాడు టికెట్టు కొనే యాత్రికులు కూడా ఆ భారం పంచుకున్నారు. బ్రిస్సాగో దీవులు 1950 నుంచి అందరికీ తెరిచిన వృక్షశాస్త్ర ఉద్యానం. వాటి పూర్తి చరిత్ర వచ్చే భాగంలో.